సలోమి పిడికిలి

అనగా అనగా ఒక ఊరు, పిల్లలూ. ఊరి పక్కన ఒక ఏరు. ఏటి గట్టున తాటాకు కప్పిన ప్రార్థన మందిరం. మందిరంలో ఒక మూల, మనిషి నడుమెత్తున, పెద్ద మట్టిబాన. వేసవిలో ఏరు ఎండేది గానీ ఆ బాన మాత్రం ఏనాడూ ఎండలేదు.

ఎందుకంటే ఆ ఊరి ఆడవాళ్లకు ఒక అలవాటుండేది. పొయ్యి మీద ఎసరు మరుగుతుంటే, బియ్యం కడగబోయే ముందు, ఒక్క పిడికెడు తీసి చిన్న ముంతలో వేసేవారు. అది దేవుని పిడికెడు. ఉన్నవాళ్లింట్లోనూ పిడికెడే, లేనివాళ్లింట్లోనూ పిడికెడే. ఆదివారం వచ్చిందంటే ముంతలన్నీ మందిరానికి నడిచేవి. బాలింతకు జావ కావాలన్నా, మంచాన పడ్డవాళ్లకు గంజి కావాలన్నా ఆ బానలోనిదే. ఏడాదికొకసారి, కోతపండగ నాడు, ఆ బియ్యమే వండి అందరూ ఒకే పంక్తిలో కూర్చుని తినేవారు. దానికి ప్రేమవిందు అని పేరు.

ఆ పంక్తికి ఒక కట్టుబాటు. కొత్తగా వచ్చిన మనిషైనా, చాలాకాలం పంక్తికి దూరమై తిరిగొచ్చిన మనిషైనా, అందరూ చూస్తుండగా ఒక పిడికెడు బియ్యం బానలో వెయ్యాలి. పిడికిలి పెట్టడం అనేవారు దాన్ని. పిడికిలి పెట్టినవాళ్లకే విస్తరి.

బాన మూత తీసేదీ పెట్టేదీ రిబ్కమ్మ. అత్తగారి చేతినుంచి ఆ పని ఆమె చేతికొచ్చింది. ఎంత మెత్తని మనిషంటే, చీమ ఎదురొస్తే తనే పక్కకు తప్పుకునేది. పెద్దలకు ఎదురు చెప్పి ఎరగదు. మందిరంలో ఆమె గొంతు పాట పాడేటప్పుడే వినపడేది.

ఆ ఏడు కోతలు మొదలయ్యేవేళకు ఏటి అవతల, పాడుబడ్డ పాకలో పొయ్యి పొగ లేచింది.

"సలోమి వచ్చిందంట!" అంది మార్తమ్మ రేవులో బిందె తోముతూ. ఊళ్లో అందరికంటే నోరున్న మనిషి ఆమె.

"ఏ సలోమి?" అన్నారు చిన్న కోడళ్లు.

"పెద్దరోగం సలోమి. వేళ్లన్నీ పోయాయట. రిబ్కా, నీ జతగత్తేగా, పోయి చూసొచ్చావా?"

రిబ్కమ్మ బిందె నిండకుండానే ఎత్తుకుని ఇంటికి వెళ్లిపోయింది.

జతగత్తె అన్నది నిజమే. చిన్నప్పుడు ఇద్దరూ ఏటి ఇసకలో అచ్చనగాయలు ఆడేవారు. సలోమి ఏడు రాళ్లు ఎగరేస్తే ఏడూ వెనక్కి తిప్పిన అరచేతి మీదే వాలేవి, పిట్టలు కొమ్మ మీద వాలినట్టు. తర్వాత ఇద్దరికీ ఈడొచ్చింది. రిబ్కకు పెళ్లయింది. సలోమి ఒంటి మీద మచ్చలొచ్చాయి. ఊరివాళ్లు బండి కట్టి ఆమెను దూరాన ఉన్న ఆసుపత్రికి పంపేశారు.

బండెక్కబోయే ముందు సలోమి రిబ్క గుమ్మం ముందు ఆగింది. "రిబ్కా, గుక్కెడు నీళ్లియ్యవే" అంది.

రిబ్క తలుపు మూసింది. గడియ పెట్టింది.

అది జరిగి పన్నెండేళ్లయింది. ఆసుపత్రిలో మందులు తిని తిని సలోమికి రోగం నయమైంది. అంతకు ముందే పోయిన వేళ్లు మాత్రం తిరిగి రాలేదు. రోగం అక్కడే ఉండిపోయింది గానీ, పిల్లలూ, రోగం పేరు ఆమెకంటే ముందే ఊరు చేరింది.

మొదటి ఆదివారం. ప్రార్థన అయ్యేదాకా సలోమి గుమ్మం బయట ఇసకలో కూర్చుంది. తర్వాత లేచి లోపలికి వచ్చింది. కొంగున చిన్న మూట.

"పెద్దయ్యా, దండాలు" అంది సంఘపెద్ద జెకర్యాతో. "ఆసుపత్రి తోటలో మొక్కలకు నీళ్లు మోస్తే ఇచ్చిన బియ్యం ఇవి. బానలో పోయించండి. పంక్తిలో చివరన కూర్చుంటాను."

ఆ పెద్దాయన చెడ్డవాడు కాడు. కట్టుబాటు ఒక్కటి సడలితే పంక్తి అంతా చెదిరిపోతుందని తండ్రి చెప్పి పోయాడు. ఆ మాటను గుండెల్లో పెట్టుకుని కాపలా కాస్తున్నాడు, అంతే.

"మూట చెల్లదమ్మా" అన్నాడు నేల చూస్తూ. "పిడికిలి పెట్టాలి."

అందరి కళ్లూ సలోమి చేతుల మీదికి పోయాయి. రిబ్కమ్మ చెయ్యి బాన మూత మీద ఉంది. ఎత్తుదామా అనుకుంది. మూత కదల్లేదు.

"సరే పెద్దయ్యా. పై ఆదివారం వస్తాను" అని సలోమి వెళ్లిపోయింది.

రెండో ఆదివారం. ఈసారి సలోమి మణికట్టుకు గుడ్డతో ఒక కొబ్బరిచిప్ప కట్టుకుని వచ్చింది. చిప్ప నిండా బియ్యం. ఒక్క గింజ ఒలకలేదు.

"చూడండి పెద్దయ్యా, ఇదే నా పిడికిలి."

"చెయ్యి కావాలమ్మా. చిప్ప చెయ్యి కాదుగా?" అన్నాడు జెకర్యా పెద్ద, గొంతు తగ్గించి.

మార్తమ్మ ఊరుకుంటుందా? "ఈ వారం చిప్ప, పై వారం చాట, ఆపై వారం బండి!" అంది. నలుగురు నవ్వారు.

సలోమి కూడా నవ్వింది. "బండెడు తెచ్చే రోజొస్తే తోలడానికి నిన్నే పిలుస్తాలే మార్తక్కా. నీ కేకకు ఎద్దులు వాటంతటవే పరిగెడతాయి."

ఈసారి అందరూ నవ్వారు. మార్తమ్మకు కూడా నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంది. కానీ సలోమి మొహంలో నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"పెద్దయ్యా, పై ఆదివారమేగా కోతపండగ. ఆనాడు కూడా నాకు విస్తరి పడకపోతే మళ్లీ ఆసుపత్రికే పోతాను. ఇంక రాను. అక్కడ అందరివీ నాలాంటి చేతులే. ఒకరి చేతులు ఒకరు చూడరు."

రిబ్కమ్మ ఇప్పుడైనా ఒక్క మాట అనాలనుకుంది. బాన మూత ఆ రోజు తిరగలి రాయంత బరువుగా ఉంది.

మంగళవారం పొద్దున రిబ్కమ్మ నీళ్లకు వెళ్లింది. రేవులో ఎవరూ లేరు. ఏటి అవతల, ఇసకలో, సలోమి ఒక్కతే కూర్చుని ఉంది. కుడిచెయ్యి ఇసకలో ముంచుతోంది, పైకెత్తుతోంది. ఇసక జారిపోతోంది. మళ్లీ ముంచుతోంది. మళ్లీ జారిపోతోంది. పిడికిలి నేర్చుకుంటోంది ఆ మనిషి, పసిబిడ్డ నడక నేర్చుకున్నట్టు.

ఎన్నిసార్లో. చివరికి అలసిపోయి ఆగింది. పక్కనున్న గులకరాయి ఒకటి రెండు చేతుల మధ్యా పట్టి ఎగరేసింది. చెయ్యి తిప్పి పెట్టింది. రాయి వచ్చి అరచేతి వెనక సరిగ్గా వాలింది.

"ఒకటి!" అని అరిచింది సలోమి, పదేళ్ల పిల్లలాగా.

రిబ్కమ్మ కళ్లు మసకబారాయి. ఇంటికొచ్చి ఎసరు పెట్టింది. చాటలో బియ్యం పోసుకుని, అలవాటు చొప్పున దేవుని పిడికెడు తీసింది. తీసిన పిడికిలి తెరవబుద్ధి కాలేదు. అట్లాగే చూస్తూ నిలబడింది. ఐదు వేళ్లు. ఏ ఒక్కటీ తను సంపాదించుకున్నది కాదు. ఆనాడు గడియ పెట్టిందీ ఈ వేళ్లే, ఇన్నేళ్లూ దేవుని పిడికెడు తీస్తున్నదీ ఈ వేళ్లే.

"ప్రభువా, నువ్వు ఇలాంటివాళ్లను చెయ్యి చాపి ముట్టుకున్నావు. నేను చెయ్యున్నా చాపలేదు" అనుకుంది. ఎసరు పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ పూట ఇంట్లో అన్నం ఆలస్యమైంది.

మూడో ఆదివారం రానే వచ్చింది. కోతపండగ! మందిరం గుమ్మానికి వరికంకుల తోరణం. బయట గాడిపొయ్యి మీద గుమ్మడికాయ పులుసు కుతకుతమంటోంది. ఎసట్లో పొయ్యడానికి ముందే పెద్ద గంపతో బానలోంచి బియ్యం తీశారు. విస్తళ్లు పరవడం మొదలైంది.

"పిడికిలి పెట్టేవాళ్లుంటే రండి" అన్నాడు జెకర్యా పెద్ద.

ముందు ఒక కొత్తకోడలు వచ్చి పెట్టింది. తర్వాత సలోమి వచ్చింది. మూట లేదు, చిప్ప లేదు. రెండు అరచేతుల మధ్యా పట్టి తెచ్చిన బియ్యం పళ్లెం గుమ్మం దగ్గరే దించింది. పళ్లెం ముందు మోకరించింది.

ఒకసారి చెయ్యి ముంచి ఎత్తింది. గింజలు జలజలా జారిపోయాయి.

రెండోసారి ముంచి ఎత్తింది. ఈసారి నాలుగు గింజలు అరచేతికి అంటుకున్నాయి. లేచి రెండడుగులు వేసింది. అవీ రాలిపోయాయి.

సలోమి వెనక్కి వచ్చి మళ్లీ మోకరించింది. మూడోసారి చెయ్యి ముంచింది. కొందరు తలలు తిప్పుకున్నారు.

"పెద్దయ్యా, కాస్త ఆగండి."

ఎవరిదా గొంతు అని అందరూ అటూ ఇటూ చూశారు. రిబ్కమ్మది! బాన దగ్గరనుంచి కదిలి ఆమె నడిచి వస్తోంది. వచ్చి, సలోమికి ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ముందు నా మాటొకటి చెప్పాలి" అంది. గొంతు పీలగా ఉంది గానీ ఆగలేదు. "పన్నెండేళ్ల కిందట ఈ మనిషి నా గుమ్మంలో నిలబడి గుక్కెడు నీళ్లడిగింది. నేను ఇంట్లోనే ఉండి గడియ పెట్టుకున్నాను. అందరికీ మెత్తని రిబ్కమ్మను. దీనికి మాత్రం కాలేకపోయాను."

"తెలుసే" అంది సలోమి. "గడియ చప్పుడు విన్నాను."

"ఇవాళ తీస్తున్నాను."

"పన్నెండేళ్లాయె, తుప్పు పట్టలేదూ?" అంది సలోమి. నవ్వబోయింది గానీ కళ్లలోంచి నీళ్లు దూకాయి.

రిబ్కమ్మ దోసిట్లోకి బియ్యం తీసి సలోమి అరచేతిలో పోసింది. ఆ అరచేతిని తన రెండు చేతులతో కిందనుంచీ పైనుంచీ చుట్టి పట్టుకుంది. తన వేళ్లు ఒక్కొక్కటీ సలోమి చేతి మీదుగా ముడిచింది. ఒక్క గింజ జారలేదు.

"ఇదిగో పెద్దయ్యా, పిడికిలి" అంది.

జెకర్యా పెద్ద దగ్గరకొచ్చి వంగి చూశాడు. "ఇది... ఎవరి పిడికిలమ్మా?"

"బియ్యం సలోమివి. అరచెయ్యి సలోమిది. వేళ్లు మాత్రం నావి. పిడికిలి పెట్టాలన్నారు మీ నాయనగారు. వేళ్లు ఎవరివై ఉండాలో చెప్పారా?"

ముసలాయన కళ్లు మూసుకున్నాడు. తండ్రి చెప్పిన ప్రతి మాటా ఒక్కొక్కటే తలుచుకున్నాడు.

"చెప్పలేదు" అన్నాడు చివరికి.

ఇద్దరు ఆడవాళ్లూ ఆ చేతులు విడవకుండానే లేచారు. పక్కపక్కనే నడిచి బాన దగ్గరకు వెళ్లారు. బాన మీద మూత ఉంది.

"నా చేతులు ఖాళీ లేవు పెద్దయ్యా" అంది రిబ్కమ్మ. "మూత మీరే తియ్యాలి."

జెకర్యా పెద్ద రెండు చేతులతో మూత ఎత్తాడు. "నలభై ఏళ్లుగా ఈ కట్టుబాటుకు కాపలా కాస్తున్నాను" అన్నాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇందులో ఇంకో మనిషికి ఇంత చోటుందని ఎరగను."

బియ్యం బానలో పడ్డాయి. గలగలమని చిన్న చప్పుడు. ఆ చప్పుడుకు మందిరమంతా ఒక్కసారిగా ఊపిరి విడిచింది. నిజం చెప్పాలంటే, పిల్లలూ, సలోమి ఉండిపోవాలని చాలామందికి మనసులో ఉంది. ముందు ఎవరు లేస్తారా అని ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నారు, అంతే.

"ఏడుపులు తర్వాత!" అని మార్తమ్మ బయటినుంచి కేకేసింది. "పులుసు అడుగంటుతోంది! సలోమీ, నా పక్కన కూర్చో. బండి తోలేదాన్ని నేనేగా!"

"నా పక్కన" అంది రిబ్కమ్మ. ఆ రోజు మళ్లీ ఆమె గొంతు అందరికీ వినపడింది. చివరికి సలోమి ఇద్దరి మధ్యా కూర్చుంది. పంక్తి చివరన కాదు, నడిమధ్యన.

రిబ్కమ్మ అన్నం కలిపి ముద్దలు చేసి ఆమె విస్తట్లో పెడుతుంటే, సలోమి రెండు అరచేతులతో ఎత్తుకుని తింటోంది. సగం విస్తరి అయ్యాక ఆగింది.

"రిబ్కా, గుక్కెడు నీళ్లియ్యవే" అంది.

రిబ్కమ్మ లేచి పరుగున వెళ్లింది. చెంబు నిండా చల్లని నీళ్లు తెచ్చి సలోమి నోటికి అందించింది. సలోమి తాగి మిగిల్చినవి, అందరూ చూస్తుండగా, తను తాగింది.

సలోమి మళ్లీ ఆసుపత్రికి వెళ్లలేదు. ఏటి అవతల పాక ఆ వానలకు కూలిపోయింది, కూలితే కూలిందని ఎవరూ బాధపడలేదు. సలోమికి మందిరం పక్కనే ఇల్లు వేశారు. సాయంత్రాలు ఊరి పిల్లలు ఆమె చుట్టూ చేరి, చేతి వెనక రాయి పట్టడం నేర్చుకునేవారు.

ఆ నాటి నుంచి ఆ ఊళ్లో ఎవరూ ఒంటరిగా పిడికిలి పెట్టరు. పెట్టే చెయ్యి ఎంత బలమైనదైనా సరే, దాని మీద ఇంకొకరు చెయ్యి వేసి మూస్తారు. మూత మూడో మనిషి తీస్తారు.

దేవుడు మనకు వేళ్లిచ్చింది తలుపుకు గడియ పెట్టుకోవడానికి కాదు, వేళ్లు లేని చేతికి పిడికిలి కావడానికి.