మూసిన గుల్లలో సీసం

సోవులుకి అప్పుడొకటే బెంగ. ఆడి పెళ్లాం అప్పలకొండకి ఐదో నెల. గుల్లల కూర కావాలని రోజూ ఏడుపు. కంపెనీ కాలవ మా ఉప్పుటేట్లో కలిసిన కాడినుంచి గుల్లల్లో సీసం దిగిందని ఊరంతా అంతన్నారు. ఏ గుల్లలో ఉందో, ఏ గుల్లలో నేదో ఎవుడికి తెలుస్తాది?

మా ఆయన జోగయ్యే ఆడికి గురువు. ఆయన పోయి ఇయాల్టికి పదకొండు రోజులు. ఆయన మాట మరిసిపోతానేమోనని ఈ ఫోన్లో సెప్పుకుంతన్నాను.

బురదలో కాలితో తడివి గుల్ల తియ్యడం, రెండు గుల్లలు సెవి కాడ కొట్టి బతికిందేదో సచ్చిందేదో సెప్పడం, అంతా ఆయన దగ్గరే సోవులు నేర్సినాడు.

ఓ రోజు మిట్టమజ్జానం ఆడు పిస్తోలు లాంటి మిసనొకటి పట్టుకొచ్చినాడు. పట్నం కాలేజీవోళ్లు ఇచ్చినారంట.

"గురువా, నీ సెవికి సీసం ఇనిపించదు. దీనికి ఇనిపిస్తాది. ఇదివరకైతే గుల్ల పగలగొట్టి పట్నం పంపితే నెల్లాళ్లకి జవాబు. ఇప్పుడు పగలగొట్టక్కర్నేదు, సంపక్కర్నేదు. నిమిసంలో అంకె సెప్పేస్తాది."

"అయితే నాకింక పని నేదన్నమాట!" అని నవ్వినాడు మా ఆయన.

"నువ్వు కూకుని సూడు."

తొట్టిలో గుల్లలు నోళ్లు కొంచెం తెరిసి నాలికలు సాపి ఉన్నాయి. సోవులు ఒక్కోటీ తీసి మిసను కింద పెట్టినాడు. నాలుగు. ఏడు. ఆరు.

"మూడు దాటితే తినకూడదంట. ఇయ్యన్నీ ఇసిరి పారెయ్యాల్సిందే. పాడు గుల్లలు."

మా ఆయన తన సెయ్యి మిసను కింద పెట్టినాడు.

"ఒద్దు గురువా. మనుసుల మీద నొక్కకూడదన్నారు."

"అరవయ్యేళ్లు ఇయ్యే తిన్నాను కదరా. నొక్కు."

నొక్కినాడు. మిసను సన్నగా కూసింది. గాలి నేదు. తొట్టి మీద ఎవురి నీడా పడనేదు. అయినా గుల్లలన్నీ ఒక్కసారే నోళ్లు మూసుకున్నాయి. అన్నీని. ఆ సప్పుడు నాకింకా ఇనిపిస్తానే ఉంది.

నలభై రెండు.

సోవులు మిసన్ని సేత్తో తట్టి మళ్లీ నొక్కినాడు. నలభై రెండే.

"ఇది తోలు మీద అంటుకున్నది కాదు గురువా," అన్నాడు గొంతు తగ్గించి. "ఎముకల్లోకి దిగిపోనాది."

"మరి నీ పెళ్లానికి ఇయ్యి పెట్టకు. ఏడిసినా పెట్టకు."

అనేసి, మా ఆయన తొట్టి ఎత్తి బుజాన పెట్టుకున్నాడు. రేవులోకి దిగినాడు. మా అత్తామావలు పోయినప్పుడు ఆళ్ల ఎముకలు కలిపింది ఆ రేవులోనే. మొలలోతు నీళ్లలో తొట్టి మెల్లిగా వొంచినాడు, ఒక్క గుల్లకి కూడా దెబ్బ తగలకుండా.

సోవులు మిసను ఒడ్డునే వొదిలేసి ఎనకాలే దిగినాడు.

మా ఆయన ఆడికేసి సూడనేదు. నీళ్లకేసే సూస్తన్నాడు.

"నాను పోయినాక నా ఎముకలు ఈ ఏట్లో కలపకురా సోవులూ. పాపం, ఇయ్యి తింతాయి."