చిలకలో ప్రాణం తీసిన విలుకాడు

అనగనగా ఒక రాజు. ఉండండర్రా, అప్పుడే ఊఁ కొట్టేస్తే ఎలా? ఆ రాజు పేరు చంద్రకేతుడు. ఆయనకి ఒక్కగానొక్క కూతురు, మందారవల్లి. ధూమకర్ణుడనే మాంత్రికుడు వచ్చి “నన్ను పెళ్లాడు” అన్నాడు. ఆ పిల్ల “ఛీ, పో” అంది. అంతే! వాడు మంత్రం వేశాడు. ఆ పిల్ల పాదాలు రాయైపోయాయి. ఆ రాయి రోజురోజుకీ పైకి పాకుతోంది. తలదాకా వచ్చిందంటే ఇంకేముంది, ప్రాణం పోయినట్టే.

ఆ మాంత్రికుడి ప్రాణమేమో ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. రాజుగారి కొలువులో ముగ్గురు విలుకాళ్లున్నారు. “ఆ చిలకలో ప్రాణం తీసి రా!” అని పెద్దవాణ్ణి పంపాడు. పోయినవాడు రాలేదు. రెండోవాణ్ణి పంపాడు. వాడూ రాలేదు. ఈలోగా రాయి నడుముదాకా వచ్చేసింది.

మూడోవాడు ఓబులేశు. వాళ్ల ఇలవేల్పు చిలకలమ్మ తల్లి. ఆ ఇంట్లో పుట్టినవాడు పిట్ట మీద బాణం వెయ్యకూడదు. కొలువులో చేరిననాడే చెప్పుకున్నాడు, “ప్రభూ, పులి మీదికి పంపండి, యుద్ధానికి పంపండి. పిట్టని మాత్రం కొట్టమనకండి” అని. అప్పుడు రాజు నవ్వి సరేనన్నాడు. ఇప్పుడా నవ్వేదీ?

“ఏరా, నా కూతురికంటే నీకు చిలక ఎక్కువా?” అని అరిచాడు.

“ఎక్కువని కాదు ప్రభూ. నావల్ల కాదు. వెళ్లమంటే వెళ్తాను, ఇంకేదైనా దారి ఉందేమో చూస్తాను.”

“ఉత్త చేతుల్తో వచ్చావో, నీ తల ఉండదు!”

పోతూ పోతూ మందారవల్లిని చూశాడు. ఆ పిల్ల ఏడుస్తూ, “ఓబులేశూ, నాకు చావంటే భయంగా ఉంది. ఏదో ఒకటి చెయ్యి” అంది.

సముద్రం ఒడ్డున ఒక గూడబాతు, “మీ ఇంటి బాణం మా జాతిని ఎన్నడూ తాకలేదు, ఎక్కు” అని వీపు మీద ఎక్కించుకుంది. ఎగిరినంతసేపూ వాడికి ఒకటే బెంగ. రాయి ఇప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో? గుండెదాకానా? గొంతుదాకానా?

ఏడో సముద్రం దాటితే ఒక దీవి. అక్కడ చెట్టు మీద చిలక. చెట్టు కింద విల్లెక్కుపెట్టినవాళ్లు ఎక్కుపెట్టినట్టే రాళ్లయిపోయిన ఇద్దరు విలుకాళ్లు! ఓబులేశుకి ఆ పిల్ల ఏడుపు గుర్తొచ్చి చెయ్యి వింటిమీదికి పోయింది. అవునర్రా, పోయింది. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. విల్లు కింద పడేసి, కూలబడి ఏడ్చాడు.

చిలక దిగొచ్చి అతని ఎదురుగా వాలింది. “ఏమయ్యా, కొట్టవేం?”

“మా చిలకలమ్మ తల్లి వద్దంది.”

“మరి మీ రాజు ఏమన్నాడు?”

“చిలకలో ప్రాణం తీసి రమ్మన్నాడు.”

“మరి తియ్యవయ్యా! అందరూ నా ప్రాణం తియ్యడానికే వస్తారు. నాలో ఉన్న వాడి ప్రాణం తీద్దామని ఒక్కడైనా వచ్చాడా? గొంతులో ఇరుక్కుని చంపుతోంది నన్ను!”

చిలక నోరు తెరిచింది. ఆ ముక్కు చూస్తే వేలు తెగుతుందేమోనని భయం. కళ్లు మూసుకుని వేళ్లు పెట్టాడు. లోపల నల్లగింజ ఒకటి తగిలింది. లాగి, రాతిమీద పెట్టి నలిపేశాడు. ఆ క్షణాన ధూమకర్ణుడు ఎక్కడున్నాడో అక్కడే చచ్చాడు. రాళ్లయిన విలుకాళ్లు ఒళ్లు విరుచుకుని లేచారు.

కోటకొచ్చి చూస్తే మందారవల్లి గడ్డం తడుముకుంటోంది. రాయి అక్కడిదాకా వచ్చి కరిగిపోయిందట! రాజు ఓబులేశు చేతులు పట్టుకుని, “మాటిచ్చి మరిచాను, తప్పు నాది” అని కూతుర్నిచ్చి పెళ్లి చేశాడు.

పెళ్లిపీటల మీద ఆ పిల్ల మెల్లిగా అడిగింది. “నిజం చెప్పు, చెయ్యి వింటిమీదికి పోలేదూ?”

“పోయింది.”

“నేనైతే కొట్టేసేదాన్ని. కొట్టి రాయైపోయేదాన్ని” అని నవ్వింది.

తర్వాత ఓబులేశే రాజయ్యాడు. కొలువు కోరి ఎవరొచ్చినా, “నువ్వు చెయ్యలేని పనేదో ముందు చెప్పు నాయనా” అని అడిగేవాడట. ఎవరేం చెప్పుకున్నారో రాజు మరిచిపోకుండా వాళ్ల ఇలవేల్పు చిలకలమ్మే గుర్తుచేసేదట. వాళ్లు చల్లగా ఏలారు, ఇక మీరు చల్లగా నిద్రపోండి.