ఇనప సింహాల వంతు

చలికొండ జమీందారుగారు గోడలో చలిమంట గూడు కట్టించి, అందులో కట్టెలు ఆనించడానికి ఒక పాత ఇనప సింహాల జత తెప్పించారు. వాటి వయసు మూడొందల ఏళ్ళట. ఇంటికొచ్చినవాళ్ళకు అవి చూపించాకే మంచినీళ్ళు ఇప్పించేవారు.

ఆ ఏడు ముసురు పట్టి ఎండుకట్టెకు కరువొచ్చింది. దొరికిన కట్టెలన్నీ జమీందారుగారు దివాణానికే తోలించుకున్నారు. ఊళ్ళో పొయ్యి వెలగక మూడు రోజులైంది. పూటకూళ్ళ దాలమ్మ దివాణానికి వెళ్ళి, నాలుగు కట్టెలు ఇప్పించమని అడిగింది.

"పంక్తిలో పెద్దలకే కదా ముందు వడ్డన. నా సింహాలకంటే వయసులో పెద్దది మీ దగ్గర ఏదైనా ఉంటే తీసుకురా, ముందు దానికే వేయిస్తాను," అన్నారాయన.

దాలమ్మ ఇంటికెళ్ళి, మసిబారిన మూడు పొయ్యిరాళ్ళు గంపలో తెచ్చి ఆయన ముందు దించింది.

"వీటి వయసెంత?"

"కొండరాళ్ళు బాబూ, లెక్క తెలీదు. మీ సింహాలను చేసిన కమ్మరి మాత్రం, ఇలాంటి వాటి మీద ఉడికిన కూడు తిన్నాకే సుత్తి పట్టుకుని ఉంటాడు."

జమీందారుగారు సింహాల వంక చూశారు. బళ్ళు కట్టమని కేకేశారు.

కట్టెల బళ్ళు ఊళ్ళోకి తిరిగాయి. ముసురు వెలిసేదాకా సింహాలు పంక్తి చివర కూర్చున్నాయి.