గోచిరేవు రేవులమ్మ ఎర్రచీర

చిలకలేరు కొండలు దిగి మైదానంలో అడుగుపెట్టే చోట, ఎడమగట్టున గోచిరేవు గ్రామం ఉంది. రేవుకు ఎగువన నల్లరాతి మంటపంలో రేవులమ్మ తల్లి కొలువై ఉన్నది. దేవి నిలువెత్తు మూర్తి. ఎడమకాలు ముందుకు వేసి, కుడిచేత పడవ గెడ పట్టి, పిక్కల పైకి గోచీకట్టు చీరతో దర్శనమిస్తుంది. ఈ తల్లికి పట్టుచీర సమర్పించరాదు. తెలియక తెచ్చిన భక్తులకు అర్చకురాలే నచ్చజెప్పి తిరిగి ఇచ్చివేస్తుంది. ఈ నియమం ఎలా వచ్చిందో పెద్దలు ఇలా చెబుతారు.

పూర్వం ఇక్కడ పోలయ్య అనే పడవ సరంగు ఉండేవాడు. ఏరు దాటించే హక్కు ఆ ఇంటిదే. కొడుకు పాముకాటుతో మరణించాడు. పోలయ్యకు చూపు మందగించింది. అప్పుడు కోడలు ఎర్నమ్మ గెడ చేతబట్టింది. సరంగు ఇంటి ఆడవారు పాదాలు కప్పే చీర కట్టి, పొడవాటి పైట నిండుగా కప్పుకోవడం ఆ కులంలో గౌరవం. ఎర్నమ్మ ఆ కట్టుతోనే పడవ నడిపేది.

తొలకరి నాటి ఒక ఉదయం ఏరు పొంగింది. నడియేటిలో ఆమె తడిసిన కుచ్చిళ్లు గెడకు చుట్టుకున్నాయి. ఆమె బోర్లా పడింది. పడవ ఒక పక్కకు ఒరిగి, ఒక బాలింత ఒడిలోని పసిబిడ్డ నీళ్లలో జారిపోయింది. దిగువన వల వేస్తున్న జాలరి బిడ్డను అందుకోబట్టి ప్రాణం దక్కింది.

ఆ సాయంత్రం కులపెద్దలు పోలయ్య వాకిట కూడారు. ఆడదానికి గెడ ఇవ్వడమే తప్పన్నారు. ఎర్నమ్మ గుమ్మంలో నిలబడి మామగారితో మాట్లాడింది.

"మావయ్యా, నా చేతులు తప్పలేదు. నా కాళ్లకు చీర అడ్డం పడింది. గెడ వదలను. చీర మారుస్తాను."

పోలయ్య "వెళ్లి మార్చుకో" అన్నాడు.

మర్నాడు ఆమె పొరుగూరి నేతగాడు నారాయుడి మగ్గం దగ్గరకు వెళ్లింది. ఎలాంటి చీర కావాలని అతడు అడిగాడు. ఎలాంటిదో ఆమెకూ తెలియదు. తాను పడవలో ఎలా వంగుతుందో, గెడ ఎలా నెడుతుందో, నీళ్లు ఎంతవరకు తగులుతాయో చేసి చూపించింది. అతడు మగ్గం దిగి వచ్చి శ్రద్ధగా చూశాడు.

"పలుచగా నేస్తే తడిసి ఒంటికి అంటుకుంటుందమ్మా. మందంగా నేస్తే నీళ్లు పట్టి బరువెక్కుతుంది" అన్నాడు నారాయుడు.

"రెండూ వద్దు. నడుమ దారి చూడు" అన్నది ఎర్నమ్మ.

ఇద్దరూ కూర్చుని ఒక్కొక్కటే తేల్చుకున్నారు. నూలు మధ్యరకం. తడిసినా ఒళ్లు కనబడకుండా ముదురు రంగు గళ్లు. పిక్కల కిందికి దిగకుండా వెడల్పు తక్కువ, గోచీ బిగించడానికి పొడవు ఎక్కువ. గెడకు తగులుకోకుండా కొంగుకు కుచ్చులు లేవు. మంచు పట్టిన వేళ కూడా గట్టునున్న వారికి పడవ నడిపే మనిషి కనిపించాలని ఎరుపు రంగు. ఆమెకు నెమలిపింఛం అంచు అంటే ఇష్టం. అంచు వెడల్పైతే నడుము దగ్గర బిగుసుకుంటుందని నారాయుడు చెప్పగా, కాసేపు ఆలోచించి దానిని వదులుకున్నది.

మొదటి చీర కుదరలేదు. అంచు గట్టిపడి నడుము ఒరుసుకుపోయింది. ఎర్నమ్మ ఆ పుండుతోనే తిరిగి వచ్చి చీర మడత విప్పి పరిచి, ఎక్కడ కోస్తున్నదో చూపింది. నారాయుడు విసుక్కోకుండా మెత్తని అంచుతో మరొకటి నేశాడు.

ఆ చీర గోచీ పోసి కట్టి ఆమె రేవుకు వస్తే పెద్దలు అడ్డుకున్నారు. కాళ్లు కనిపించే కట్టుతో సరంగు ఇంటి కోడలు పడవ ఎక్కరాదని శాసించారు. పడవను గట్టున కట్టివేశారు. ఆమె వాదించలేదు. రోజూ అదే చీరతో వచ్చి పడవ పక్కన కూర్చునేది.

శ్రావణంలో కొండల మీద కుండపోతగా వాన కురిసింది. ఏటి నడుమ లంకలో గొర్రెల కాపరుల కుటుంబాలు చిక్కుకున్నాయి. రేవు మగవారు ఒకసారి ప్రయత్నించి, సుడి దాటలేక వెనుదిరిగారు. ఎర్నమ్మ లేచి పడవ కట్టు విప్పింది. ఈసారి ఎవరూ అడ్డు రాలేదు. పోలయ్య తడుముకుంటూ వచ్చి గెడ ఆమె చేతికి ఇచ్చాడు. మోకాలి లోతు నీరు నిండిన పడవలో ఆమె కాలు చిక్కుపడలేదు, అడుగు తడబడలేదు. గట్టున ఉన్నవారు ఎర్రచీర ఎటు పోతే అటు తాళ్లు విసిరి సాయపడ్డారు. దఫదఫాలుగా లంకలోని చివరి మనిషి వరకు ఆమె గట్టు చేర్చింది.

వరద తీసిన తరువాత రేవులో ఇసుక కోసుకుపోయి ఈ మూర్తి బయటపడింది. గోచీకట్టుతో, గెడతో ఉన్న దేవిని చూసి పెద్దలు చేతులు జోడించారు. అయినా ప్రతిష్ఠకు పట్టుచీర సిద్ధం చేశారు. ఆ తెల్లవారుజామున పోలయ్యకు దేవి కలలో కనిపించి, "నన్ను అలంకరించి కూర్చోబెట్టకండి. నాకు పని ఉంది" అని పలికింది. పోలయ్య తన కలను రేవులో అందరికీ చెప్పాడు. కులపెద్ద స్వయంగా నారాయుడి ఇంటికి వెళ్లి ఎర్ర గళ్లచీర అడిగి తెచ్చాడు. ఎర్నమ్మే అమ్మవారికి తొలి అర్చకురాలు అయింది. అంతవరకు పెద్దరేవుగా ఉన్న ఊరు గోచిరేవు అయింది.

నేటికీ ఎర్నమ్మ వంశపు స్త్రీలే పూజలు చేస్తున్నారు. కొత్త బట్ట కట్టే ముందు భక్తులు దానిని ఇక్కడికి తెచ్చి, ఏ పనికి కట్టబోతున్నారో అమ్మవారికి విన్నవించుకుంటారు. పెళ్లికూతుళ్లు, నర్సులు, బస్సు కండక్టర్లు, నాట్లు వేసే కూలీలు అందరూ వస్తారు. బట్ట కట్టుకుని మంటపంలో వంగి, లేచి, చేతులు పైకెత్తి చూసుకుంటారు. ఎక్కడైనా పట్టేస్తే ప్రాకారం పక్కన కుట్టుమిషన్లతో కూర్చున్న దర్జీలు అక్కడికక్కడే వదులు చేసి ఇస్తారు. అంతా కుదిరాక అర్చకురాలు నుదుట కుంకుమ దిద్ది, "అమ్మా, నీ అడుగుకు అడ్డం లేదు, వెళ్లిరా" అని దీవిస్తుంది. ఆ మాట విన్నవారు గుడిమెట్లు వడివడిగా దిగి పనిలోకి వెళ్లిపోతారు.