మధ్యలో తెగిన ప్రార్థన

ప్రభుదాసు, పాస్టరు కృపానందం అయ్యగారి దగ్గర పరిచర్య నేర్చుకుంటున్నాడు. వచ్చే ఆదివారం సంఘంలో అతనిదే మొదటి ప్రసంగం. విగ్రహాలను గురించి చెప్పాలనుకుని అయ్యగారిని అడిగాడు: "మన మందిరంలో బొమ్మ ఒక్కటీ లేదు కదండీ. మరి ఈ రోజుల్లో విగ్రహమంటే ఏదని చెప్పమంటారు? టీవీయా, క్రికెట్టా, ఈ సెల్‌ఫోనా?"

ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పే అలవాటు అయ్యగారికి లేదు. కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. అంతలో ఫోను మోగింది. సంఘంలోని సలోమి. భర్త యాకోబును గుంటూరు ఆసుపత్రిలో చేర్చింది.

"అయ్యగారూ, ఆపరేషనుకి లోపలికి తీసుకెళ్తన్నారండీ. ఫోను ఆయన పొట్ట మీద పెడతన్నాను. తొందరగా ప్రార్థన చెయ్యండి!"

ఆ సంఘంలో అదొక అలవాటు. నొప్పి ఎక్కడుంటే అక్కడ ఫోను ఆనిస్తారు, అయ్యగారు ఇంట్లో కూర్చుని ప్రార్థిస్తారు. ఆయనా ఏనాడూ కాదనలేదు. అయ్యగారి ప్రార్థన సామాన్యమైంది కాదు మరి. సృష్టి దగ్గర బయలుదేరి, అబ్రాహాము గుడారంలో కాస్త సేదతీరితే గానీ రోగి మంచం దగ్గరికి చేరదు. అయినా వినేవాళ్ళకు ప్రాణం లేచివచ్చేది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ రోజు అయ్యగారు ఆమేన్ అన్నాక అవతలి నుంచి ఆమేన్ రాలేదు. ప్రభుదాసు ఫోను తీసి చూశాడు. మొదట్లోనే కట్ అయింది. తిరిగి చేస్తే స్విచాఫ్.

"అయ్యో, యాకోబు పేరైనా రాకముందే పోయిందండీ!" అన్నాడు.

అయ్యగారి ముఖం పాలిపోయింది. మధ్యాహ్నం భోజనం దగ్గర కూర్చుని కూడా ముద్ద ఎత్తలేకపోయారు. ఆ మనిషికేమైనా అయితే సలోమికి ఏం ముఖం చూపించాలన్నదే ఆయన బెంగ.

సాయంత్రం ఎవరిదో ఫోను అడిగి తీసుకుని సలోమి మాట్లాడింది. "గండం గడిచిందండీ! కళ్ళు తెరిచి టీ కావాలంటన్నాడు. ఇప్పుడే టీ ఏంటని నర్సమ్మ కేకలేస్తంది."

అమ్మయ్య అనుకున్నారు ఇద్దరూ. ప్రభుదాసైతే చప్పట్లు కొట్టాడు. అప్పుడు సలోమి గొంతు తగ్గించింది.

"మీ మాట మధ్యలో ఆగిపోయిందండీ. నా ఫోనులో చార్జింగ్ అయిపోయింది. వాళ్ళేమో స్ట్రెచర్ తోసేస్తన్నారు. ఆయన చెయ్యి పట్టుకుని, 'తండ్రీ, ఈయన్ని నాకియ్యి' అని నేనే అనేశాను. అంతకుమించి నాకు రాలేదు. తప్పయిందాండీ? క్షమించండి అయ్యగారూ."

"తప్పు కాదమ్మా. రేపు కూడా నువ్వే చెయ్యి" అని మాత్రం అన్నారు అయ్యగారు. ఫోను పెట్టేసి, కండువాతో కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. ఆయన అంత తేలిగ్గా నవ్వడం ప్రభుదాసు ఎన్నడూ చూడలేదు.

తన ప్రశ్నకు జవాబు దొరికిందనుకున్నాడు ప్రభుదాసు. "అయితే ఆదివారం సెల్‌ఫోను గురించే చెబుతానండీ" అన్నాడు ఉత్సాహంగా.

"ఫోను ఏం చేసింది నాయనా? చార్జింగ్ అయిపోతే ఊరుకుంది" అన్నారు అయ్యగారు. "దేవుణ్ణి పిలిచినందుకు ఆ తల్లి క్షమాపణ అడిగింది ఎవరిని?"