అక్షరం పొల్లుపోని పెళ్ళికొడుకు

దొండపాటి వారికి తమ తెలివి మీద మహా నమ్మకం. ఊళ్ళో ఎవరికైనా సలహా కావాల్సొస్తే వీళ్ళ ఇంటి ముందు ఆగకుండా గబగబా నడిచి వెళ్ళిపోయేవారు. "మన తెలివి వేడి తగులుతోందిరా వాళ్ళకి, నిలబడలేకపోతున్నారు" అని మురిసిపోయేవాడు ఇంటి పెద్ద సత్తిరాజు. భార్య లచ్చాయమ్మ, కొడుకు గవర్రాజు అవునవునని తలలూపేవారు.

అంత తెలివైన గవర్రాజుకి పెళ్ళే కుదరడం లేదు పాపం. చూసిన సంబంధమల్లా వెనక్కి పోతోంది. చివరికి అమ్మానాన్నలతో పెళ్ళిచూపులకి వెళ్ళి, పక్క ఊళ్ళో జీవశాస్త్రం పాఠాలు చెప్పే హేమలతని చూసేసరికి గుండె జారిపోయింది. నిజంగానే జారిందేమోనని చొక్కాలో చెయ్యి పెట్టి తడుముకున్నాడు కూడా. ఈ పిల్ల కాదంటే ఇక జన్మలో పెళ్ళి మాట ఎత్తనని అక్కడే ఒట్టేసుకున్నాడు.

"నాకు పెద్ద కోరికలేం లేవండీ. చెప్పిన మాట శ్రద్ధగా వినే మనిషైతే చాలు" అంది హేమలత.

"చెప్పండి, వింటాను" అన్నాడు గవర్రాజు, చెవులు రిక్కించి.

ఆ పిల్లకి నవ్వొచ్చింది. ఏం చెప్పాలో తోచక పొద్దున క్లాసులో చెప్పిన పాఠమే మొదలెట్టింది. "మన ఒంట్లో క్రోమోజోములు జతలుగా ఉంటాయండీ. జతలో ఒకటి అమ్మ నుంచి, ఒకటి నాన్న నుంచి వస్తుంది. రెండింట్లోనూ అవే జన్యువులు, అదే వరస. రకాలు మాత్రం వేరు కావచ్చు. ఒకదాంట్లో ఉంగరాల జుట్టు రకం ఉంటే, రెండోదాంట్లో సాఫీ జుట్టు రకం ఉండొచ్చు. జత అన్నంత మాత్రాన రెండూ అచ్చం ఒకటే కాదు."

"మరి అచ్చం ఒకటే ఎప్పుడవుతాయండీ?"

"కణం రెండుగా చీలే ముందు ప్రతి క్రోమోజోమూ నకలు తీసుకుంటుంది. అలా వచ్చిన రెంటినీ అక్కచెల్లెళ్ళంటాం. ఎక్కడో పొరపాటు దొర్లితే తప్ప, అక్షరం పొల్లుపోకుండా రెండూ ఒకటే."

ఇంకేముంది! శ్రద్ధగానే వింటున్నాడు కదాని హేమలత సరేనంది. దొండపాటి వారు ముగ్గురూ ఆ మాటలు దారి పొడవునా వల్లె వేసుకుంటూ ఇల్లు చేరారు. తాంబూలాలకి పట్టు జాకెట్టు కుట్టించుకొస్తామని లచ్చాయమ్మ అనడంతో, కొలతకి ఆదిగా పిల్ల పాత జాకెట్టొకటి బయల్దేరేటప్పుడే ఇచ్చి పంపింది హేమలత తల్లి వరాలమ్మ.

సత్తిరాజు దర్జీ మిషను పక్కనే తిష్ట వేశాడు. "నకలయ్యా ఇది! అక్షరం పొల్లుపోకూడదు."

"జాకెట్టు మీద అక్షరాలెక్కడున్నాయి బాబూ?"

"చంకలో చిరుగుంది చూడు. అది కూడా కుట్టు."

"చిరుగు కుట్టడమేంటండీ, చింపాలి గానీ!"

"అయితే చింపు!"

అంతే. కొత్త పట్టు జాకెట్టు చంకలో చిరిగింది. ఇంటికి తెచ్చాక వీపు మీది చింతపండు మరకని కూడా కొత్తదాని మీద లచ్చాయమ్మ స్వయంగా దిద్దింది, ఆది జాకెట్టు పక్కన పెట్టుకుని మరీ.

తాంబూలాలనాడు గవర్రాజు కొత్త చెప్పుల జత కొనుక్కోబోతే తండ్రి అడ్డం పడ్డాడు. "జతలో ఒకటి అమ్మది, ఒకటి నాన్నది అని పిల్ల చెప్పలేదూ? మధ్యలో కొట్టువాడెవడ్రా?" అంతే, ఎడమకాలికి నాన్న కిర్రుచెప్పు, కుడికాలికి అమ్మ పూలచెప్పు. "రెండూ చెప్పులే, రకాలే వేరు" అంటూ కుంటుకుంటూ బయల్దేరాడు పెళ్ళికొడుకు.

చెప్పులు చూసి హేమలత, మజ్జిగ తెస్తున్న ఆమె చెల్లెలు నవ్వాపుకున్నారు. జాకెట్టు విప్పి చూసేసరికి మాత్రం హేమలత మొహం కందగడ్డ అయింది. "నేను చెప్పింది పాఠమండీ బాబూ, బట్టలు కుట్టే పద్ధతి కాదు! నాకీ పెళ్ళి వద్దు."

గవర్రాజుకి కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంత శ్రద్ధగా విన్నవాణ్ణి కాదంటుందేమిటని కుమిలిపోయాడు. సత్తిరాజు కొడుకు చెవిలో, "ఏడవకురా వెర్రివాడా, అక్కచెల్లెళ్ళు అచ్చం ఒకటేనంది కదా. అదుగో చెల్లెలు!" అన్నాడు.

గవర్రాజు మొహం వెలిగిపోయింది. "అవునండోయ్! మీరు కాకపోతే మీ చెల్లెల్ని చేసుకుంటాను. తనైనా మీరేగా, అక్షరం పొల్లుపోదు!"

చెల్లెలు చేతిలో ఉన్న మజ్జిగ అతని నెత్తిన పోసింది. వరాలమ్మ చీపురు తిరగేసింది. "ఇంకోసారి మా గడప తొక్కారంటే కాళ్ళు విరగ్గొడతాను!"

గవర్రాజు ఇంటికొచ్చి అన్నం మానేసి ముసుగుతన్ని పడుకున్నాడు. సత్తిరాజు తెగ ఆలోచించి, "ఒరేయ్, లేవరా! ఆవిడ రావద్దనలేదు. గడప తొక్కొద్దంది, అంతేగా!" అన్నాడు. అంతే, కొడుకు ముసుగు తీసి అన్నం పెట్టమన్నాడు.

మర్నాడు పొద్దున్నే తాంబూలం పళ్ళేలతో మళ్ళీ దిగబడ్డారు. సత్తిరాజు పంచె ఎగ్గట్టి గడప మీంచి దూకి లోపల బోర్లాపడ్డాడు. గవర్రాజు కూడా దూకాడు. లచ్చాయమ్మ మాత్రం కాలెత్తి దించి, "నా మోకాళ్ళతో ఎక్కడ దూకనురా నాయనా?" అంది.

"ఉండమ్మా, తొక్కేవు సుమా! కాబోయే అత్తగారి మాట జవదాటకూడదు" అని గవర్రాజు పక్కింటికి పరిగెత్తి గునపం పట్టుకొచ్చాడు. ఇంకేముంది, తండ్రీకొడుకులు చెరో పక్కా పట్టారు.

చప్పుడుకి వంటింట్లోంచి వరాలమ్మ, వెనకే హేమలత పరిగెత్తుకొచ్చారు. ద్వారబంధం ఒక పక్కకి వాలిపోయి ఉంది. లచ్చాయమ్మ దర్జాగా లోపలికి నడిచొస్తోంది. గవర్రాజు పెకలించిన గడపని భుజాన ఎత్తుకుని, చెమటలు కక్కుతూ, హేమలత వైపు చూసి సిగ్గుపడుతూ అన్నాడు:

"దీన్నిక ఎవ్వరూ తొక్కలేరండీ అత్తయ్యగారూ! తాంబూలాలు ఎక్కడ పెట్టమంటారు?"