తాటిదోనె లెక్క

కామేశం విప్పలేని లెక్క లేదని లెక్కల అరుగులో అందరూ ఒప్పేసుకున్నారు. అతనికి జబ్బు పట్టింది అక్కడే.

లెక్కల అరుగంటే ఫోనులో పెట్టుకున్న గ్రూపు. దాని మొదలు బుచ్చయ్యగారి ఆశ్రమంలో ఉంది. గోదావరి గట్టు కింద నాలుగు పాకలూ ఒక బోరింగూ, అంతే ఆ ఆశ్రమం. సాయంత్రాలు శిష్యులు చేరితే బుచ్చయ్యగారు వేదాంతం జోలికి పోయేవారు కాదు. చిక్కు లెక్కలిచ్చేవారు. పులి, మేక, గడ్డిమోపు ఏరు దాటే లెక్కలాంటివి. మనసు కుదురుగా కూర్చోవాలంటే దాని చేతికి ఏదో ఒక పని ఇవ్వాలనేవారు.

కామేశం రాజమండ్రిలో కాలేజీ పిల్లలకి లెక్కలు చెప్పే ఉద్యోగం వదిలి ఆయన దగ్గర చేరినవాడు. గురువుగారి లెక్కలు పదిమందికీ అందాలని గ్రూపు పెట్టాడు. పెట్టినప్పుడు బుద్ధి మంచిదే. తుని నుంచి ఒక టైలరు చేరాడు. రిటైరైన టీచర్లు చేరారు. లారీ మీద ఊళ్ళు తిరిగే అప్పన్న చేరాడు. పిల్లల్ని బడికి పంపాక కాస్త తీరిక దొరికే ఆడవాళ్ళు చేరారు. ఒకరు లెక్క పెడితే ఇంకొకరు దారి చూపించేవారు. మధ్యలో చిక్కుపడ్డవాడికి మూడోవాడు చెయ్యందించేవాడు. ఎవరికీ అందకపోతే అందరూ మాస్టారి కోసం చూసేవారు. మాస్టారంటే కామేశం.

జనం పెరిగినకొద్దీ పొద్దున్నే పూలబొమ్మలూ, దేవుడి పటాలూ, శుభోదయాలూ వచ్చి పడసాగాయి. కామేశానికి ఒళ్ళు మండింది. లెక్క తప్ప ఇక్కడ ఇంకోటి రాయకూడదని నిబంధన పెట్టాడు. పలకరింపులొద్దు. సొంత గోడు అసలే వద్దు.

ఆ గ్రూపులో యేసురత్నం అనే అతను ఉన్నాడు. లంకలో ఉంటాడు, కొబ్బరిచెట్లెక్కి దింపు తీస్తాడు. లెక్కలంటే ప్రాణం గానీ నిదానం మనిషి. అందరూ జవాబు చెప్పేశాక, మరుసటి రోజు, నాకూ వచ్చిందండీ అని రాసేవాడు. ఒకసారి, తమ్ముడికి మళ్ళీ మూర్ఛలు వచ్చాయి, వాణ్ణి పట్టుకుని కూర్చోవడంతో నిన్నటి లెక్క చెయ్యలేదు అని రాశాడు. ఇది లెక్కల అరుగు రత్నం, ఆస్పత్రి వరండా కాదు అని కామేశం అందరి ముందూ జవాబిచ్చాడు. చాలామంది నవ్వు బొమ్మలు పెట్టారు. రత్నం క్షమించమని అడిగాడు. ఆ తరవాత ఇంటి ఊసు ఎత్తలేదు.

ఆ ఏడు గోదావరి గట్టు అంచుకి వచ్చింది. ఆశ్రమం ఆవుల్ని గట్టు మీద కట్టేశారు. బుచ్చయ్యగారు దగ్గుతో పడకేశారు. బయట పనేమీ సాగక కామేశం పాకలో ఫోను పట్టుకుని కూర్చున్నాడు. పొద్దున చద్దివేళకి రత్నం నుంచి ఒక లెక్క వచ్చింది.

'ఒక మనిషికి తాటిదోనె ఉంది. అందులో వాడు కాక ఇంకొకరే పడతారు. వాడి దగ్గర ఇద్దరున్నారు. ఒకరు మంచం దిగలేరు, నీళ్ళొస్తే పట్టుకునే మనిషి ఉండాలి. రెండోవాణ్ణి ఒంటరిగా వదిలితే ఏట్లోకి నడిచిపోతాడు. ఇద్దరూ ఒకచోట ఉంటే ఒకరినొకరు చూసుకుంటారు. గెడ వెయ్యడం దోనె ఉన్నవాడికే వచ్చు. ముందు ఎవరిని దాటించాలి? కొంచెం తొందరగా చెప్పగలరు.'

రత్నం కూడా పోటీలు పెట్టే స్థాయికి వచ్చాడే అని టైలరు ఎకసెక్కమాడాడు. ఒకావిడ మంచం మీదివాళ్ళని ముందు తీసుకెళ్ళమంది. అయితే రెండోవాడు ఏట్లో పడతాడని ఇంకొకాయన అన్నాడు. పోనీ వాణ్ణే ముందు అంటే, ఇక్కడ మంచాన్ని ఎవరు పట్టుకుంటారని మళ్ళీ మొదటికొచ్చింది. అలా కాసేపు కొట్టుకున్నారు. కామేశం అంతా చూస్తూ ఊరుకున్నాడు. అందరూ ఓడిపోయాక నోరు విప్పడం అతనికి అలవాటు.

దోనె మొదటిసారి బయల్దేరిన క్షణానే ఈ ఒడ్డున ఒకరు మిగులుతారని రాశాడు. మిగిలింది ఎవరైనా ఒంటరే. షరతు అక్కడే తెగిపోయింది. కాబట్టి ఈ లెక్కకి జవాబు లేదు, ఉందని వెతకడం దండగ.

గ్రూపంతా చప్పట్ల బొమ్మలతో నిండిపోయింది. నాలుగు ముక్కల్లో తేల్చేశారు మాస్టారూ అన్నారు. వాటి మధ్యలో రత్నం మరోసారి అడిగాడు.

'అసలు లేదా మాస్టారూ?'

'లేదు. నిరూపించాను కదా.'

'సరేనండి.'

మధ్యాహ్నం బుచ్చయ్యగారు లేచి గంజి తాగారని తెలిసి కామేశం ఫోను పట్టుకుని వెళ్ళాడు. మంచి లెక్క వింటే గురువుగారి దగ్గు కూడా తగ్గుతుందని అతని నమ్మకం. లెక్క చదివాడు. తన నిరూపణ చదివాడు. గురువుగారు కంబళి కప్పుకుని కళ్ళు మూసుకుని విన్నారు.

"ఎవరిచ్చారిది?" అన్నారు.

యేసురత్నమని ఒకతను, లంకలో ఉంటాడు, మామూలుగా ఇంత పసగల లెక్కలు పెట్టడు అని కామేశం చెప్పాడు.

గురువుగారు కళ్ళు తెరిచారు. "ఏ లంక?"

కామేశానికి తెలియదు. ఏళ్ళ తరబడి రోజూ మాట్లాడుకునే మనిషి. ఊరు ఎప్పుడూ అడగలేదు. లెక్కకి ఊరెందుకండీ అని నవ్వబోయాడు. ఆయన ముఖం చూసి నవ్వు మింగాడు. రత్నానికి ఫోను చేశాడు. మోగలేదు. గ్రూపులో అడిగాడు. లారీ అప్పన్న ఎక్కడో రోడ్డు పక్కన బండి ఆపి జవాబు రాశాడు. 'చింతాలమ్మ లంకండి. తల్లికి పక్షవాతం. తమ్ముడికి మూర్ఛలు, మతి కూడా నిలకడ లేదు. మీకు తెలుసనుకున్నాను మాస్టారూ.'

కామేశం ఆ మాటలు పైకి చదవలేక ఫోను గురువుగారి ముందు పెట్టాడు. ఆయన దాన్ని చూడలేదు. కంబళితోనే లేచి, కర్ర పట్టుకుని, వానలో గట్టెక్కారు.

గట్టు మలుపు దగ్గర వరద డ్యూటీ వాళ్ళు మరపడవలు కట్టేసుకుని ఉన్నారు. చింతాలమ్మ లంక నిన్ననే ఖాళీ చేయించామన్నారు. అక్కడ ఎవరూ లేరన్నారు. కామేశం ఫోను చూపించాడు. ఇదేదో పొడుపు కథలా ఉందే అన్నాడు వాళ్ళలో ఒకడు. కామేశమూ పొద్దున అలాగే చదివాడు.

బుచ్చయ్యగారు వాదించలేదు. వెళ్ళి ఒక పడవలో కూర్చున్నారు.

"నన్ను మోసి కిందికి దించుతారో, ఆ లంకకి పోతారో మీ ఇష్టం."

ముసలాయన, వానలో ముద్దగా తడిసి, దగ్గుతూ కూర్చున్నారు. ఆయన్ని ముట్టుకోవడానికి ఎవరికీ చెయ్యాడలేదు. చివరికి ఇంజను తిప్పారు. తిప్పగానే ఆయన దిగిపోయారు. వచ్చేటప్పుడు ముగ్గురికి చోటు కావాలన్నారు.

పడవ కనుమరుగయ్యాక ఇద్దరూ గట్టు మీదే నిలబడ్డారు. ఎర్రనీళ్ళ మీద గడ్డివాములు కొట్టుకుపోతున్నాయి. ఒక పశువు కళేబరం తిరగబడి తేలుతూ పోయింది. చివరికి కామేశం అడిగాడు.

"నా లెక్క తప్పా గురువుగారూ?"

"తప్పేం లేదు," అన్నారాయన, ఏటి మీంచి చూపు తిప్పకుండా.

చీకటి పడేలోగా పడవ వచ్చింది. ముగ్గురికీ చోటు సరిపోయింది. ముగ్గురిలో ఒకామె పడుకుని ఉంది, ముఖం మీద దుప్పటి కప్పి ఉంది.

వరద బాధితుల శిబిరం గట్టు కిందున్న బడిలో పెట్టారు. రత్నం తల్లి సువార్తమ్మని రెండు బల్లలు కలిపి వాటి మీద పడుకోబెట్టారు. రత్నం ఆమె పాదాల దగ్గర నేల మీద కూర్చున్నాడు. తమ్ముడు ఆశీర్వాదం ముప్పై ఏళ్ళవాడు, చిన్నపిల్లాడిలా అన్న చొక్కా పట్టుకుని ఉన్నాడు. వాడి నడుముకి తాడు ఒరుసుకుపోయి చర్మం లేచిపోయింది.

కామేశం దగ్గరికి వెళ్ళాడు. రత్నం అతన్ని ఎప్పుడూ కళ్ళారా చూడలేదు, గ్రూపులో ఫొటోయే. అయినా పోల్చుకుని లేచి నిలబడ్డాడు. చేతులు జోడించి, మాస్టారూ, మీరెందుకొచ్చారండీ ఈ వానలో అన్నాడు.

కామేశం ఏదో అనబోయాడు. నాకు తెలియదు రత్నం అనో, ముందే చెప్పాల్సింది అనో. ఈలోగా రత్నమే చెప్పాడు.

"పొద్దున్న మోకాలు లోతేనండి. అమ్మ చెప్తానే ఉంది, ముందు తమ్ముణ్ణి దాటించి రారా, ఈలోగా నాకేం కాదూ అని. అడుగుదామని మీకు రాశాను. ఇంటి సంగతులు రాయకూడదు కదండీ, అందుకని లెక్కలా రాశాను. మీరు లేదన్నారు. మీరెప్పుడూ తప్పు చెప్పలేదు కదా. ఇంకో పడవేదైనా వస్తుందేమోనని ఆగాను. నీళ్ళు మంచమెక్కాక అమ్మ నన్ను తిట్టింది. వీణ్ణి తీసుకెళ్ళి అవతల మెరక మీదున్న కొబ్బరిచెట్టుకి కట్టేశాను. తిరిగొచ్చేసరికి గోడ పడిపోయిందండి."

అతని గొంతులో నిష్ఠూరం లేదు. లెక్క ఏ మెట్టు దగ్గర తప్పిందో మాస్టారికి చూపించే కుర్రాడిలా చెప్పాడు. చెప్పి, మాస్టారికి కుర్చీ ఉందేమోనని చుట్టూ చూశాడు.

కామేశం బయటికి వచ్చేశాడు. గోడకి చేరగిలబడ్డాడు. ఫోను తీసి, గ్రూపులో పొద్దుటి చప్పట్లు అలాగే ఉంటే, వాటిని ఒక్కొక్కటే చూశాడు. ఏదో రాయడం మొదలుపెట్టి చెరిపేశాడు. బుచ్చయ్యగారు వరండా చివర కంబళి పరుచుకుని పడుకున్నారు. ఆయన తనని తిడతారేమోనని ఎదురుచూశాడు. తిడితే కొంత తేలికపడేవాడు.

తెల్లారి పాస్టరుగారు వచ్చారు. సమాధుల దొడ్డి నీళ్ళలో ఉంది. పక్క ఊళ్ళో మెరక చూసి గొయ్యి తీయించామన్నారు. శిబిరంలోనే ఎవరో బల్లలు కోసి పెట్టె కట్టారు. ప్రార్థన అయింది. పెట్టె మోయడానికి శిబిరంలోని మగవాళ్ళు ముందుకొచ్చారు. అందరికంటే ముందు కామేశం వచ్చాడు. పైపంచ తీసి తలకి చుట్టుకుని, వంగి, ఒక మూల చెయ్యి వేశాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

రత్నం పెట్టె వెనక రెండడుగులు వేసి ఆగాడు. వెనక్కి తిరిగాడు. ఆశీర్వాదం వరండా మెట్ల మీద కూర్చుని ఊగుతున్నాడు. వాడికి ఎదురుగా గేటు, గేటు అవతల నీళ్ళు. వాడు నీళ్ళనే చూస్తున్నాడు. రత్నం తిరిగి వాడి దగ్గరికి వెళ్ళాడు. మళ్ళీ పెట్టె వైపు వచ్చాడు. వాణ్ణి వెంట తీసుకెళ్ళాలంటే దారంతా మోకాలి లోతు వరద. వదిలి వెళ్ళాలంటే ఎవరికి వదలాలో తెలియడం లేదు. ఎవరినీ అడగలేదు.

బుచ్చయ్యగారు కర్ర ఊతంగా వచ్చి, పెట్టె మీది కామేశం చెయ్యి తీశారు. ఆ చెయ్యి పట్టుకునే అతన్ని వరండా దాకా నడిపించుకొచ్చి, ఆశీర్వాదం పక్కన మెట్టు చూపించారు.

"గురువుగారూ," అన్నాడు కామేశం. "ఆ తల్లిని ఒక్కసారి నా భుజం మీద మోయనివ్వండి. ఆ మాత్రమన్నా చెయ్యనివ్వండి."

"మోయడానికి నలుగురున్నారు," అన్నారాయన. "ఇక్కడ ఎవరూ లేరు."

కామేశం కూర్చున్నాడు. ఆశీర్వాదం అతన్ని ఎగాదిగా చూసి, మళ్ళీ గేటు వైపు చూసి, లేవబోయాడు. కామేశం వాడి చెయ్యి పట్టుకున్నాడు.

రత్నం ఒకసారి వెనక్కి చూశాడు. తరవాత వెళ్ళి, ఖాళీగా ఉన్న మూల భుజానికెత్తుకున్నాడు.